అడగని కుశలం

మా చెల్లెలి కొడుక్కి ఆకలేస్తే "అన్నం తింటావా?" అంటాడు. దాహమేస్తే "మంచినీళ్లు కావాలా?" అంటాడు. నిద్రొస్తే "పడుకుంటావా నాన్నా?" అని, ఆ 'నాన్నా' కూడా వాళ్లమ్మ అన్నట్టే సాగదీసి, మంచమెక్కుతాడు. వాడికిప్పుడు 25 ఏళ్లు. నాలుగో ఏట ఆటిజం అని తేలింది.

ఆ మాటల్ని సరిదిద్దడానికి మేం పదేళ్లు తగలేశాం. ఒక సెంటర్లో నేర్పిన పద్ధతి ఇది: ప్లేటులో ఇడ్లీ ముక్కలు పెట్టుకుని కూర్చోవాలి. "నాకు ఇడ్లీ కావాలి" అంటేనే ముక్క. లేకపోతే ప్లేటు వెనక్కి. ఒక ఆదివారం పొద్దున మా చెల్లెలికి జ్వరమొస్తే వాడి ఎదురుగా నేను కూర్చున్నాను. "ఇడ్లీ తింటావా?" అన్నాడు. ప్లేటు లాక్కున్నాను. మళ్లీ అన్నాడు, ఇంకాస్త గట్టిగా. మళ్లీ లాక్కున్నాను. అలా ఎన్నిసార్లో. ఇడ్లీ ఎండిపోయి అంచులు గట్టిపడ్డాయి. వాడి కళ్లనిండా నీళ్లు, ముక్కు కారుతోంది, అయినా ఆ మాటే అంటున్నాడు. ఏడేళ్ల పిల్లాడు. వాడేం అడుగుతున్నాడో నాకు మొదటిసారే అర్థమైంది. అర్థమై కూడా పెట్టలేదు.

వాడి లెక్కలో తప్పు లేదు. అమ్మ "అన్నం తింటావా" అన్నప్పుడల్లా అన్నం వచ్చింది. అన్నం రావాలంటే అనవలసిన మాట అదే మరి. 1938లో అమెరికాలోని మిసిసిపీ నుంచి డోనాల్డ్ ట్రిప్లెట్ అనే అయిదేళ్ల పిల్లాణ్ని తల్లిదండ్రులు బాల్టిమోర్‌లో డాక్టర్ లియో కానర్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆటిజం మీద 1943లో కానర్ రాసిన మొదటి వ్యాసంలో 11 మంది పిల్లలుంటే, అందులో మొదటివాడు ఇతనే. ఆ పిల్లాడూ అంతే. స్నానం చెయ్యాలనిపిస్తే, స్నానం చేస్తావా అని తల్లినే అడిగేవాడు. మా వాడి సంగతి తెలిసేసరికి ఆ వ్యాసానికి అరవై ఏళ్లు. చదవదలుచుకున్నవాడికి అది అందుబాటులోనే ఉంది. చదవడం నా ఉద్యోగం కూడా.

నేను ఒక దినపత్రికలో 22 ఏళ్లు ఆరోగ్యం పేజీ చూశాను. ఐక్యరాజ్యసమితి ఏప్రిల్ 2ను ఆటిజం అవగాహన దినంగా ప్రకటించింది 2007లో. 2008 నుంచి ఏటా మార్చి నెలాఖరుకల్లా మా డెస్కులో ఆ పేజీ సిద్ధమైపోయేది. ఒక డాక్టరు వ్యాసం, లక్షణాల బాక్సు ఒకటి, నీలం రంగు ఫొటో, "ఆటిజాన్ని జయించిన చిన్నారి" లాంటి కథ. పాఠకుల ఉత్తరాలు సంచుల్లో వచ్చేవి, తర్వాత మెయిల్స్. అందరిదీ ఒకే ప్రశ్న: మా బాబు బాగవుతాడా? మా పాప బాగవుతుందా? మేమూ దానికే జవాబులు వేశాం. 22 ఏళ్లలో ఆటిజం ఉన్న ఒక్క మనిషిని కూడా నేను ఇంటర్వ్యూ చెయ్యలేదు. డాక్టర్లతో మాట్లాడాం, థెరపిస్టులతో మాట్లాడాం, తల్లుల్ని ఏడిపించి ఆ కన్నీళ్లను ఫొటో తీశాం. ఆ పిల్లలు పెద్దవాళ్లై ఎక్కడో ఉంటారు కదా, వాళ్లేమంటారు అన్న ఆలోచన మా మీటింగుల్లో ఒక్కసారి వచ్చిన గుర్తు లేదు. జిమ్ సింక్లెయిర్ అనే ఆటిజం ఉన్న వ్యక్తి 1993లోనే తల్లిదండ్రుల సభకు చెప్పిన విషయం ఇది: మీరు కలగన్న బిడ్డ పుట్టలేదని దుఃఖపడండి, కానీ పుట్టి మీ ఎదురుగా ఉన్న మమ్మల్ని చూసి దుఃఖపడకండి అని. ఆ సంగతి మా పేజీలో ఏనాడూ రాలేదు. ఏటా దుఃఖాన్నే అచ్చువేశాం.

అచ్చువేసినవి ఇంకా ఉన్నాయి. టీకాలకూ ఆటిజానికీ ముడిపెడుతూ 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ లాన్సెట్‌లో 12 మంది పిల్లల మీద రాసిన వ్యాసం ఆధారంగా భయపెట్టే బాక్సు ఒకటి వేశాం. 2010లో లాన్సెట్ ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. మేం తీసుకోలేదు. ఆ రోజు పేజీలో డెంగీ ఉంది, చోటు లేదు.

ఐవార్ లోవాస్ 1987లో ప్రచురించిన అధ్యయనం గురించి రాశాను. చిన్న పిల్లలకు వారానికి 40 గంటల శిక్షణ, అంటే పెద్దవాళ్లు ఉద్యోగం చేసేటంత సేపు. 19 మందిలో 9 మంది మామూలు పిల్లల్లో కలిసిపోయారన్నది ఫలితం. ఆ శిక్షణలో గద్దింపులూ, తొడ మీద దెబ్బలూ భాగమే. అంతకుముందు, 1960ల్లో, అదే మనిషి పిల్లల మీద కరెంటు షాకులు వాడారు. ఇవేవీ నా వ్యాసంలో లేవు. నాకప్పుడు తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. తొమ్మిది అన్న అంకె దొరికింది, హెడ్డింగ్ అయిపోయింది. మిగతా పదిమంది ఏమయ్యారని కూడా అడగలేదు. మా వాడి ఇడ్లీ ప్లేటు ఆ తోవలోనే మా ఇంటికొచ్చిందని గ్రహించడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ఆటిజానికి మూలకణాల చికిత్స అన్న ప్రకటనలు మా పేజీ కిందనే వచ్చేవి. పైన నా వ్యాసం, కింద వాళ్ల ఫోన్ నంబరు. మా చెల్లెలు ఇబ్రహీంపట్నం దగ్గరున్న 150 గజాల స్థలం అమ్మి వాడికి ఆ ఇంజెక్షన్లు చేయించింది. నన్ను అడిగే చేసింది. "పేపర్లో వస్తోందిగా అన్నయ్యా, ఊరికే వేస్తారా?" అంది. నేను "చూద్దాం" అన్నాను. ఆమోదం ఉన్న రక్తసంబంధమైన జబ్బులకు తప్ప, ప్రయోగ పరీక్షల బయట మూలకణాలు ఎక్కించడం తగదని 2017 ఐసీఎంఆర్ మార్గదర్శకాలు చెప్పాయి. ఆటిజానికి ఈ చికిత్సను సిఫారసు చెయ్యలేమని 2022లో జాతీయ వైద్య కమిషన్ చెప్పింది. అప్పటికి స్థలం పోయి చాలా కాలమైంది. నడుములోంచి సూది తీస్తున్నప్పుడు వాడు "అయిపోయింది, అయిపోయింది" అని అరిచాడట. అది కూడా అమ్మ మాటే. టీకా వేయించినప్పుడల్లా చివర్లో ఆవిడ అనే మాట. ఆపండి అని చెప్పడానికి వాడి దగ్గరున్నది అదొక్కటే.

ఇక్కడ ఒకటి చెప్పాలి. చికిత్సలన్నీ వద్దనీ, పిల్లల్ని అలా వదిలెయ్యాలనీ నా ఉద్దేశం కాదు. మా వాడికి ఫిట్స్ వస్తాయి, మందు లేకపోతే పడిపోతాడు. రాత్రిళ్లు నిద్రపోని రోజులు వరసగా వారం ఉంటాయి. తల గోడకేసి కొట్టుకుంటుంటే మధ్యలో చెయ్యి అడ్డుపెట్టి మా చెల్లెలు రెండు వేళ్లు విరగ్గొట్టుకుంది. మాట నేర్పేవాళ్లు, బొమ్మల పలకతో అడగడం నేర్పేవాళ్లు చేసిన మేలు నేను మర్చిపోను. నేర్పించే చేతులు రెండు రకాలు. పిల్లాడు చెప్పేది మనకు చేరాలని నేర్పేవాళ్లుంటారు. పిల్లాడు తనలా కనిపించకూడదని నేర్పేవాళ్లుంటారు. మేం డబ్బులు ఎక్కువ పోసింది రెండో రకానికి. చేతులు ఆడించకుండా ఉండటం నేర్పించాం, కళ్లలోకి చూడటం నేర్పించాం. చూస్తాడిప్పుడు. చూస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టుకుంటాడు.

పదహారో ఏట వాడు మూడు వారాల పాటు తన చెయ్యి తనే కొరుక్కున్నాడు. మణికట్టు మీద పళ్ల గాట్లు పచ్చిగా ఉండేవి. కొరుక్కుంటూ "ఎక్కడ దెబ్బ తగిలింది? ఎక్కడ దెబ్బ తగిలింది?" అని రోజంతా తిరిగేవాడు. మేం "దెబ్బేం తగల్లేదు, ఊరుకో" అన్నాం. బిహేవియర్ అన్నారు ఒకచోట. మందు డోసు పెంచారు. నాలుగో వారం బుగ్గ వాచింది. పళ్ల డాక్టరు నోరు తెరిపించి చూస్తే వెనక దవడ పన్ను మొత్తం పుచ్చిపోయి, కింద చీము. వాడు చిన్నప్పుడు పడ్డప్పుడల్లా అమ్మ ఒళ్లోకి తీసుకుని అడిగిన మాటే కదా అది? నొప్పిగా ఉందని వాడు మూడు వారాలు, రోజుకు వందసార్లు, శుభ్రమైన తెలుగులో చెప్పాడు. ఇంట్లో ఆరుగురం తెలుగువాళ్లం ఉన్నాం.

మాట రానివాడని వాణ్ని అనడం ఆ రోజుతో మానేశాను. వినడం రానివాళ్లం అన్న మాట నోటికి రావడానికి మాత్రం టైము పట్టింది.

తప్పంతా తల్లి మీదికి నెట్టడం ఒకటుంది, అది మన అందరి పని. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ అనే ఆయన ఒక పెద్ద పుస్తకమే రాశాడు, ప్రేమ చూపించని తల్లుల వల్లే పిల్లలు ఇలా ముడుచుకుపోతారని. అంతకు మూడేళ్ల ముందే బెర్నార్డ్ రిమ్లాండ్, ఆయనకే ఆటిజం ఉన్న కొడుకున్నాడు, ఆ వాదన నిలవదని ఆధారాలతో రాసి ఉన్నా సరే, అక్కడి తల్లులు ఆ నింద ఏళ్లతరబడి మోశారు. మనం ఆ పుస్తకం చదవలేదు, చదవాల్సిన అవసరమూ లేకపోయింది. మా చెల్లెలు స్కూల్లో టీచరు. "నువ్వు ఉద్యోగానికి పోకుండా ఉంటే" అని వాళ్ల అత్తగారు, "కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూశావా" అని పెద్దమ్మ, "పోయిన జన్మలో ఏం చేశామో" అని మా అమ్మే. ఇవాళ్టి పిల్లల తల్లులకు 'ఫోన్ ఇచ్చి పాడుచేశావు' అన్నది వచ్చింది. సెల్‌ఫోన్ వల్ల ఆటిజం అని నేనూ ఒక హెడ్డింగ్ పెట్టాను, చివర్లో ఒక ప్రశ్నార్థకం తగిలించి. ప్రశ్నార్థకం పెడితే బాధ్యత పోతుందని మా వృత్తిలో అందరికీ తెలుసు. ఆ పేపరు కత్తిరించి కోడలి ముఖాన విసిరిన అత్తగార్లు ఎంతమందో నాకు తెలియదు. ఒకావిడ మాత్రం ఉత్తరం రాసింది. నాలుగే వాక్యాలు. చించెయ్యలేక, జవాబివ్వలేక సొరుగులో పెట్టాను. రిటైరయ్యే రోజు సొరుగు ఖాళీ చేస్తుంటే కనిపించింది.

మా అమ్మ 2019లో పోయింది. శవం ఇంట్లో ఉన్నంతసేపూ వాణ్ని పైగదిలో ఉంచి గొళ్లెం పెట్టాం. గోల చేస్తాడనీ, వచ్చినవాళ్లు ఏమనుకుంటారోననీ. నేనే పెట్టాను గొళ్లెం. అమ్మ రోజూ తెల్లవారుజామున అయిదింటికి లేచి రాగిచెంబుతో నీళ్లు తాగేది. పెద్దకర్మ అయిన మర్నాడు అయిదింటికి వంటింట్లో చప్పుడు. వాడు బిందెలోంచి రాగిచెంబు నింపి, తొణక్కుండా రెండు చేతుల్తో పట్టుకుని, అమ్మ మంచం పక్కన స్టూలు మీద పెట్టి, మూత పెట్టి వెళ్లి పడుకున్నాడు. మర్నాడూ అంతే. మేం దాన్నేమన్నామో తెలుసా? రొటీన్ అన్నాం. "మార్పు తట్టుకోలేరు వీళ్లు, అది లక్షణమే" అని నేను చుట్టాలకు వివరించాను, ఆరోగ్యం పేజీ గొంతుతో. నేను మాత్రం అమ్మ కళ్లజోడు నా బ్యాగులో పెట్టుకుని ఆర్నెల్లు తిరిగాను. దాన్నెవరూ లక్షణం అనలేదు. దిగులు అన్నారు. మంచం తీసేసేదాకా, ఏడు నెలలు, వాడు నీళ్లు పెట్టాడు.

ఎదుటివాళ్ల మనసు వాళ్లకు అర్థం కాదు అని చెప్పే ఒక ప్రసిద్ధ పరీక్ష ఉంది. 1985లో లండన్‌లో బారన్-కోహెన్, లెస్లీ, ఫ్రిత్ చేశారు. సాలీ, ఆన్ అని రెండు బొమ్మలు. సాలీ లేనప్పుడు ఆన్ గోళీని బుట్టలోంచి డబ్బాలోకి మారుస్తుంది. సాలీ తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతుంది? ఆటిజం ఉన్న 20 మంది పిల్లల్లో 16 మంది డబ్బాలో అన్నారు. అక్కడి నుంచి 'సానుభూతి లేనివాళ్లు' అన్న మాట దాకా లోకం చాలా వేగంగా నడిచింది, మా పేజీ ఇంకా వేగంగా నడిచింది. అదే ఇంగ్లండులో 2012లో డామియన్ మిల్టన్, ఆయనకూ ఆటిజం ఉంది, ఒక మామూలు ప్రశ్న వేశాడు: ఇద్దరి మధ్య అర్థం చేసుకోవడం తెగిపోతే, తెగింది ఒకవైపే అని ఎలా అంటారు? 2020లో కేథరిన్ క్రాంప్టన్ బృందం ఎనిమిదేసి మంది వరసలుగా ఒకరినుంచి ఒకరికి కబురు చెప్పించి చూసింది. అందరూ ఆటిజం ఉన్నవాళ్లే అయిన వరసలో కబురు ఆటిజం లేనివాళ్ల వరసలో చేరినంత బాగానే చేరింది. ఇద్దర్నీ కలిపిన వరసలోనే ఎక్కువ చెడింది. గొళ్లెం పెట్టిన చేతితో ఇది చదివాను నేను. ఆ ఇంట్లో ఎదుటివాళ్ల మనసు తెలియంది ఎవరికి?

అసలు చెప్పుకోవాల్సింది ఇంకా చెప్పలేదు. దాటవేస్తున్నాను.

2022లో మా మేనకోడలికి, వాడి అక్కకి, ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం, కుటుంబం మంచిది. పెళ్లిచూపులకు ముందు రోజు రాత్రి నేనే అన్నాను, "తమ్ముడి సంగతి ఇప్పుడే ఎందుకు? కుదిరాక నెమ్మదిగా చెబుదాం." మా చెల్లెలు నావైపు చూసి తల దించుకుంది. బావగారు ఏమీ అనలేదు. పిల్ల లోపల గదిలో ఉంది, విందని తర్వాత తెలిసింది. మర్నాడు పదింటికి నేను వాణ్ని కారెక్కించుకుని ప్రకాశం బ్యారేజీకి తీసుకెళ్లాను. వాడికి బ్యారేజీ అంటే ప్రాణం. గేట్లు లెక్కపెడతాడు. 70 గేట్లు. అటు 70, ఇటు 70. ప్రతి గేటు దగ్గరా ఒక్క క్షణం ఆగి, రెయిలింగ్ మీద అరచెయ్యి ఆనించి, అంకె పైకి చెప్పి కదులుతాడు. నీళ్లు వదిలిన రోజైతే ఆ అదురు అరచేతిలోకి వస్తుందనుకుంటాను, పెదాలు విచ్చుకుంటాయి. ఆ రోజు నేను వెనకాల ఫోన్ చూసుకుంటూ నడిచాను. ఇంటి నుంచి 'వాళ్లు వెళ్లిపోయారు' అన్న కబురు వచ్చేదాకా వాణ్ని మూడుసార్లు తిప్పాను ఆ ఎండలో. మూడోసారి వాడి కాళ్లు ఈడుస్తున్నాయి.

ఆ సాయంత్రమే మా మేనకోడలు ఆ అబ్బాయికి ఫోన్ చేసి, తనకొక తమ్ముడున్నాడనీ, పొద్దున వాణ్ని మీకు కనపడకుండా మావయ్య బయటికి తీసుకెళ్లాడనీ చెప్పేసింది. సంబంధం తప్పిపోయింది. ఆ పిల్ల నాతో ఎనిమిది నెలలు మాట్లాడలేదు. మాట్లాడిన రోజు ఒకటే అంది: "వాడు నా పెళ్లికి అడ్డం కాదు మావయ్యా. వాణ్ని దాచినవాళ్లు అడ్డం."

ఇది నా ఒక్కడి ఇంటి సంగతి కాదని నాకు తెలుసు. తెలుగు ఊళ్లలో పెళ్లిచూపుల రోజు ఎన్ని పైగదులకు గొళ్లేలు పడతాయో, ఎంతమందిని అమ్మమ్మ వాళ్ల ఊరికి పంపేస్తారో. రెండేళ్లలో మా వాణ్ని నాలుగు బడులు తిప్పి పంపాయి. ప్రతిచోటా కారణం ఒకటే, మిగతా పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోరని. ఆ మిగతా తల్లిదండ్రులు ఎవరు? మనమే. ఫౌండేషన్ క్లాసు అని ఆరో తరగతి నుంచే ఐఐటీకి చదివించే మనమే. మనం పిల్లల్ని దీవించేటప్పుడు 'ప్రయోజకుడివి కా' అంటాం. ఆ ఒక్క మాటలో మంచి బతుకంటే ఏమిటో తేల్చేశాం. ఎవరికో ఒకరికి పనికి రావాలి, పదిమందిలో చెప్పుకోవాలి. కానివాడు అప్రయోజకుడు. ఇంకాస్త జాలిపడితే, భారం.

ఆ మాట వల్ల నాకు నిద్ర పట్టకుండా పోయింది ఎప్పుడో చెబుతాను. హాన్స్ ఆస్పెర్గర్ పేరు మా పేజీలో ఎన్నోసార్లు గౌరవంగా రాశాను. 1944లో వియన్నాలో ఇలాంటి పిల్లల గురించి రాసి, వాళ్లలో తెలివైనవాళ్లు సమాజానికి ఉపయోగపడతారని చెప్పిన వైద్యుడు. 2018లో హెర్విగ్ చెక్ అనే చరిత్రకారుడు ఆయన పాత కాగితాలు తిరగేసి బయటపెట్టిన సంగతి వేరు. నాజీల కాలంలో వైకల్యం ఉన్న పిల్లల్ని చంపిన ఆమ్ ష్పీగెల్‌గ్రుండ్ అనే చోటికి ఈయన కొందరు పిల్లల్ని పంపాడు. అక్కడ 789 మంది పిల్లలు చనిపోయారు. మూడేళ్లు నిండని ఒక పాపను పంపుతూ, ఆరోగ్యంగా ఉన్న మరో అయిదుగురిని పెంచుకోవాల్సిన తల్లికి ఈ బిడ్డ మోయలేని భారమన్న అర్థంలో నోట్ రాశాడు. పనికొచ్చేవాళ్లను ఒకవైపూ, భారమైనవాళ్లను ఒకవైపూ ఏరిపెట్టిన కలం అది. నేను చూసిన పేజీలో 'భారం' ఎన్నిసార్లు వచ్చిందో! "తల్లిదండ్రులకు భారంగా మారుతున్న" అన్నది మా డెస్కులో కళ్లు మూసుకుని టైపు చేసే మాట. మేం ఎవర్నీ చంపలేదు. కానీ ఆ మాటను వాడుతూనే ఉన్నాం, పదునుగా.

కానర్ పిల్లల్లో మొదటివాడైన డోనాల్డ్ సంగతి తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. మూడేళ్లప్పుడు అతణ్ని ఒక సంస్థలో పెట్టేశారు. తల్లిదండ్రులు ఏడాదికి మళ్లీ తెచ్చుకున్నారు. తర్వాత కొన్నేళ్లు ఒక రైతు దంపతుల దగ్గర పెరిగాడు. మొక్కజొన్న సాళ్లను అదేపనిగా లెక్కపెడుతుంటే ఆ రైతు తిట్టలేదు, దున్నుతూ లెక్కపెట్టమన్నాడు. పిల్లాడు లెక్కపెడుతూ పొలం దున్నాడు. పెద్దయ్యాక కుటుంబానికి వాటా ఉన్న బ్యాంకులో పనిచేశాడు, గోల్ఫ్ ఆడాడు, ఒంటరిగా దేశాలు తిరిగాడు, ఫారెస్ట్ అనే ఆ చిన్న ఊళ్లోనే 2023లో 89 ఏళ్లకు పోయాడు. డబ్బున్న కుటుంబం, అది నిజమే. ఊరు అతణ్ని ఊరివాడిగా ఉంచుకుంది, అదీ నిజమే. అదే 11 మందిలో ప్రభుత్వ ఆసుపత్రులకు పంపినవాళ్లు అక్కడే ఆరిపోయారని 1971లో కానరే రాశాడు. నాకు ఆ రైతు మీద అసూయ. సాళ్లు లెక్కపెట్టే పిల్లాడికి పొలం ఇచ్చాడు. నేను గేట్లు లెక్కపెట్టే పిల్లాణ్ని దాచడానికి బ్యారేజీ వాడుకున్నాను.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. 1995 వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలే, ఆటిజం లేదు. మా వాడి మొదటి సర్టిఫికెట్లో బుద్ధిమాంద్యం అని రాశారు. 2016 చట్టం 21 వైకల్యాల్లో ఆటిజాన్ని పేరుపెట్టి చేర్చింది. ఆటిజం కొలిచే మన భారతీయ స్కేలులో 40 అంశాలున్నాయి, ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు మార్కులు. అసాధారణమైన జ్ఞాపకశక్తి ఉంటే దానికీ వైకల్యం మార్కే పడుతుంది. సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపు, ఆసుపత్రి వరండాలో పొద్దున్నుంచి క్యూ. పద్ధెనిమిది దాటాక సంరక్షకుల కాగితం కోసం కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ. ఆ కమిటీ 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం ఏర్పడింది. చట్టం లేదని ఇక అనలేం. మా చెల్లెలికి 58 ఏళ్లు. "మేం పోయాక వీడెలా అన్నయ్యా?" అని నెలకోసారైనా అంటుంది. ఆ ప్రశ్న ఒక తల్లి ఒంటరిగా, రాత్రి పదకొండింటికి, వంటింటి లైటు ఆర్పుతూ అడుక్కోవాల్సి రావడంలోనే మన ఓటమి ఉంది. ఆటిజం ఉన్న పెద్దవాళ్లు నలుగురు కలిసి ఉండే ఇల్లు కావాలని మన ఊళ్లో ఎవరం ఎప్పుడు అడిగాం? గుడికి చందాలు వసూలు చేశాం, కల్యాణమండపం కట్టాం.

పోయిన సంక్రాంతికి నాకు ఒక సంగతి తట్టింది. వాడి మాటలన్నీ వాడికి మేం అన్న మాటలే కదా, అవి ఏమిటో రాద్దామని నోటుబుక్కు తీసుకుని కూర్చున్నాను. చెల్లెలూ, మేనకోడలూ గుర్తుచేస్తూంటే రాశాను. అన్నం తింటావా. పడుకుంటావా. వద్దు. కూర్చో. చేతులు దించు. ఇటు చూడు. గుడ్ బాయ్. అయిపోయింది. ఎక్కడ దెబ్బ తగిలింది. మావయ్యకు నమస్తే చెప్పు. మూడు పేజీలు నిండాయి. మన తెలుగువాళ్లం గుమ్మంలో అడుగుపెట్టిన ప్రతివాణ్నీ, బస్సులో కనిపించిన తెలిసినవాణ్నీ, పాలు పోసే మనిషినీ అడిగే మాట ఆ మూడు పేజీల్లో లేదు. బాగున్నావా అన్న మాట. వాడి నోట ఎన్నడూ రాలేదంటే, పాతికేళ్లలో వాణ్ని ఎవరూ అడగలేదన్నమాట. మా ఇంటికొచ్చినవాళ్లు అమ్మని అడిగారు, నాన్నని అడిగారు, అక్కని అడిగారు. వాడి దగ్గరికొచ్చేసరికి "ఎలా ఉన్నాడు? ఏమైనా బాగయ్యాడా?" అని వాడి తలమీదుగా వాళ్లమ్మని అడిగారు. నేనూ అంతే. తను బాగున్నానని చెప్పాలనిపించిన రోజులు వాడికి ఉంటే, ఆ అరచెయ్యి రెయిలింగ్ మీద ఆన్చిన రోజులు అవే అయితే, చెప్పడానికి మేం వాడికి మాట ఇవ్వలేదు.

అప్పటినుంచి ఆదివారాలు వాణ్ని బ్యారేజీకి నేనే తీసుకెళ్తున్నాను. కారాపి తలుపు తీసి "బాగున్నావా నాన్నా?" అంటాను. మొదట్లో వాడు నమస్తే పెట్టేవాడు, అదే కావాలనుకుని. తర్వాత్తర్వాత ఊరుకున్నాడు. ఫోన్ కార్లోనే వదిలేసి వాడి వెనకాల నడుస్తాను. వాడాగినచోట ఆగుతాను. ఎండగా ఉంటే వాడికి టోపీ.

మొన్న నీళ్లు వదిలారు. తుంపర రోడ్డు మీదికి కొడుతోంది. ముప్పైనాలుగో గేటు దగ్గర వాడు అరచెయ్యి ఆనించి, అంకె చెప్పకుండా చాలాసేపు నిలబడ్డాడు. ఎవరో స్కూటరాయన హారన్ కొట్టి పోయాడు. తర్వాత నావైపు తిరక్కుండానే, నీళ్లకేసి చూస్తూ, "బాగున్నావా నాన్నా?" అన్నాడు.

నన్ను అడిగాడో, తన సంగతి చెప్పాడో నాకు తెలియదు. ఆ 'నాన్నా' నేను అన్నట్టే ఉంది, కాస్త బొంగురుగా. నేనూ రెయిలింగ్ మీద చెయ్యి పెట్టాను. ఇనుము వణుకుతోంది. కాసేపటికి వాడు "ముప్పైనాలుగు" అని ముందుకు కదిలాడు.